విజయవాడలో బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది, బస్సు మాత్రం లేదు: మెట్రో, బుడమేరు, సిటీ బస్సు గురించి కలిపి మాట్లాడుకుందాం

అలంకార్_సెంటర్:
మెట్రో వ్యవహారం టెండర్ల దాకా వచ్చినప్పటి నుంచి ఇక్కడి చర్చంతా స్తంభం ఎక్కడ లేస్తుంది, ఎవరి దుకాణం పోతుంది అన్న దగ్గరే తిరుగుతోంది. నేను వేరే ప్రశ్న వేస్తాను. మొదటి దశ 38.4 కిలోమీటర్లు. గన్నవరం నుంచి నెహ్రూ బస్‌స్టేషన్‌కు ఒక మార్గం, అక్కడి నుంచి పెనమలూరుకు మరొకటి. అంచనా 11 వేల కోట్ల రూపాయల పైమాటే. ఈ రెండింటిలో ఏదీ సింగ్‌నగర్ గుండా పోదు. పాయకాపురం, వాంబే కాలనీ, జక్కంపూడి వైపు అసలు చూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మునిగిన విజయవాడ ఒకటి, మెట్రో ఎక్కబోయే విజయవాడ ఇంకొకటి.

అదే సమయంలో సత్యనారాయణపురం మీదుగా, పాత రైలు మార్గం ఉన్న స్థలంలో వేసిన బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్, అంటే బీఆర్‌టీఎస్ రోడ్డును చూడండి. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పట్టణాభివృద్ధి పథకం కాలంలో బస్సులు విడిగా, వేగంగా నడవడానికని తలపెట్టిన రోడ్డు. ఇప్పుడు పొద్దున నడకకు వచ్చేవాళ్లకు, సాయంత్రం తినుబండారాల బళ్లకు బాగా పనికివస్తోంది. నాకు బళ్ల మీద కోపం లేదు, అక్కడి పునుగులు నేనూ తింటాను. కానీ స్థలం సేకరించి, డబ్బు ఖర్చు పెట్టి, పేరు కూడా పెట్టాక, దాని మీద బస్సును నడపకుండా 11 వేల కోట్లతో కొత్త గీత గీయడం ఏం న్యాయం?

నా ప్రతిపాదన ఇది. ఆ రోడ్డును బస్సుకు తిరిగి ఇవ్వాలి. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీదుగా నున్న దాకా పొడిగించాలి. ఆ దారి పొడవునా బుడమేరు దాటే ప్రతి వంతెనను, ప్రతి తూమును అదే పనిలో వెడల్పు చేయాలి. తిట్టేవాళ్లు కారణాలతో తిట్టండి.

మెట్రో_కావాలి:
కారణంతోనే తిడతాను. హైదరాబాద్‌లో 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు కూడా ఇవే మాటలు విన్నాం. ఇప్పుడు రోజుకు నాలుగున్నర లక్షలకు పైగా జనం ఎక్కుతున్నారు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు బస్సులో వెళ్లమంటే ఇవాళ ఎవరు వెళ్తారు? అమరావతి పెరిగి, గన్నవరం విమానాశ్రయం పెరిగి, మధ్యలో ఉన్న ఈ ఊరు మాత్రం సిటీ బస్సులతో సరిపెట్టుకోవాలా? పదేళ్ల తర్వాత ఏలూరు రోడ్డు మీద స్తంభాలు వేయడానికి చోటు కూడా దొరకదు.

అలంకార్_సెంటర్:
హైదరాబాద్ కథ చెప్పేటప్పుడు రెండో సగం కూడా చెప్పండి. 69 కిలోమీటర్లు కట్టి నడిపిన ఎల్ అండ్ టీ నష్టాలంటూ 2025లో తప్పుకోవడానికి సిద్ధపడింది, రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి ఒప్పుకుంది. జనం ఎక్కని మెట్రో కాదు అది, కిక్కిరిసే మెట్రో. అయినా లెక్క కుదరలేదు. మనది దానికంటే చిన్న ఊరు.

ఇంకో సంగతి. కేంద్రం 2017లో తెచ్చిన మెట్రో విధానంలోనే ఉంది: మెట్రో అడిగే నగరం ముందు బస్సు, ట్రామ్ లాంటి ప్రత్యామ్నాయాలను పోల్చి చూపాలి, స్టేషన్‌కు ఇరువైపులా ఐదు కిలోమీటర్ల మేర జనాన్ని చేరవేసే బస్సులకు హామీ ఇవ్వాలి. అంటే మెట్రో కావాలన్నా ముందు బస్సే కావాలి.

సింగ్‌నగర్_వాసి:
మునిగిన విజయవాడ అని ఒక్క ముక్కలో తేల్చేశారు కాబట్టి చెబుతున్నాను. సెప్టెంబరు 1 ఆదివారం. నీళ్లు వస్తున్నాయని తెలిసేసరికి వీధిలో బండి తీసే వీలు లేదు. తర్వాతి రోజుల్లో సింగ్‌నగర్ ఫ్లైఓవరే మాకు రేవు. పడవలు అక్కడి నుంచి బయల్దేరాయి, జనం అక్కడే దిగారు, అన్నం పొట్లాలు అక్కడే పంచారు. లోపలి వీధులకు డ్రోన్లతో పంపారు.

ఇల్లు మునగడం గురించి అందరూ రాశారు. నేను బండి గురించి రాస్తాను. మా వీధిలో ఇంటికొక ద్విచక్ర వాహనం, రెండు మూడిళ్లకు ఒక ఆటో. అన్నీ నీళ్లలోనే. నీళ్లు తీశాక ఇంజన్‌లోంచి బురద తీయించడానికి మెకానిక్ దగ్గర వరస. ప్రభుత్వం ద్విచక్ర వాహనానికి 3,000, ఆటోకు 10,000 రూపాయలు ప్రకటించింది. నాకు అంతకు రెండింతలు అయింది. బీమా అడిగితే ఆ కాగితం, ఈ కాగితం అన్నారు. పనికి వెళ్లకపోతే జీతం కోత, వెళ్దామంటే బండి లేదు, బస్సు ఎక్కాలంటే ప్రధాన రోడ్డు దాకా బురదలో నడక.

మా పేటలో రవాణా అంటే సొంత బండే. అది ఇంట్లో ఉంటుంది కాబట్టి ఇంటితో పాటే మునుగుతుంది. బస్సు డిపో ఎత్తైన చోట ఉంటే బస్సు మునగదు, నీళ్లు తీసిన మర్నాడే నడుస్తుంది. ఈ ఒక్క కారణానికైనా నేను అలంకార్ గారి వైపు.

పాత_ఓవర్సీర్:
నీటిపారుదల శాఖలో పనిచేసి దిగినవాణ్ని. బుడమేరు పేరు ఎత్తారు కాబట్టి ఆ నీళ్లు ఎటు పోతాయో చెప్పకుండా ఉండలేను.

మైలవరం వైపు కొండల నీళ్లు బుడమేరులోకి వస్తాయి. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు ఉంది. అక్కడి నుంచి డైవర్షన్ ఛానల్ ద్వారా నీటిని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి మళ్లిస్తారు. ఆ ఛానల్‌లోకే పోలవరం కుడి కాలువ కూడా కలుస్తుంది. పట్టిసీమ దగ్గర ఎత్తిపోసే గోదావరి నీళ్లు పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో కలిసేది ఆ దారినే. మళ్లించగా మిగిలింది పాత బుడమేరు. అది ఊరి ఉత్తర భాగం గుండా వచ్చి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద అండర్ టన్నెల్‌లో దూరి, కొల్లేరుకు పోతుంది.

ఇందులో ఇరుకులు రెండు. ఒకటి పై చివర, రెండోది కింది చివర. 2024లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ రాలేదు, 2009లో కూడా 11.10 లక్షలే. కృష్ణ అంత ఎత్తున నిండుగా ఉంటే డైవర్షన్ ఛానల్ నీళ్లు నదిలో కలవవు, వెనక్కి తంతాయి. పైనుంచి వరద ఆగదు. ఎడమ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం వచ్చి చేయి వేస్తే గానీ 7వ తేదీకి మూసుకోలేదు. ఇటు కింద ఎనికేపాడు టన్నెల్ మింగగలిగినంతే మింగుతుంది. మధ్యలో ఉన్న సింగ్‌నగర్ చెరువైంది.

కాబట్టి అలంకార్ గారూ, మీ బస్సు దారిలో వంతెన ఒక్కటి వెడల్పు చేస్తే నీళ్లు ఆ వంతెన దాటి తర్వాతి ఇరుకు దగ్గర ఆగుతాయి. ఎనికేపాడు నుంచి వెనక్కి, కింది నుంచి పైకి పని చేసుకురావాలి. మీరు ఊరి మధ్యలో మొదలుపెడుతున్నారు. మా రోజుల్లో అలా అంచనా వేసి తెస్తే ఇంజనీరు గారు కాగితం మొహాన కొట్టేవారు.

అలంకార్_సెంటర్:
ఇలాంటి తిట్టు కోసమే అడిగాను. అయితే ఇంకో మాట అడుగుతాను. గన్నవరం మెట్రో మార్గం కూడా ఎనికేపాడు మీదుగానే కదా పోయేది? స్తంభాల కోసం ఎలాగూ తవ్వుతారు. అప్పుడే ఆ టన్నెల్ పని కూడా కలిపి చేయవచ్చా?

పాత_ఓవర్సీర్:
చేయవచ్చు. చేయరు. రోడ్డు ఒక శాఖది, కాలువ మరో శాఖది, మురుగు నగర పాలక సంస్థది, మెట్రో నాలుగోవాళ్లది. కాలువ కట్టేసి పని చేసుకునే వీలు వేసవిలో కొన్ని వారాలే. నలుగురూ ఆ వారాల్లోనే కూడాలి.

సాగరతీరం:
విశాఖ నుంచి. బీఆర్‌టీఎస్ అనగానే మాకు నవ్వు, ఏడుపు రెండూ వస్తాయి. పెందుర్తి వైపు ఒకటి, సింహాచలం వైపు ఒకటి, రెండు కారిడార్లు తలపెట్టారు. సింహాచలం వైపు భూసేకరణ దగ్గర ఏళ్ల తరబడి ఆగింది. పెందుర్తి వైపు రోడ్డు వెడల్పయింది, ఆ మేలు కార్లకు దక్కింది. రోడ్డు వేయడమే బస్సు వ్యవస్థ అనుకున్నారు. ఆ దారికి తగిన బస్సులు, ఎన్ని నిమిషాలకొకటి అనే లెక్క, దాన్ని ఎవరు నడపాలన్న ఒప్పందం, ఇవేవీ రోడ్డుతో పాటు రాలేదు. మీరు మళ్లీ రోడ్డు దగ్గరే మొదలుపెడితే మా కథే మీకూ జరుగుతుంది.

హుద్‌హుద్ సంగతి కూడా ఈ చర్చకు సంబంధించిందే. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటాక కరెంటు లేదు, కరెంటు లేక పెట్రోలు బంకులు పనిచేయలేదు, పనిచేసిన చోట వరసలు. విమానాశ్రయం పైకప్పే లేచిపోయింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలు భూమిలోకి దించారు. రవాణా నిలబడాలంటే ముందు కరెంటు నిలబడాలని మాకు అప్పుడు తెలిసింది. మీకు పీఎం ఈ-బస్ సేవ అనే కేంద్ర పథకం కింద 100 విద్యుత్ బస్సులు అంటున్నారు కదా, చార్జింగ్ కేంద్రం ఎంత ఎత్తులో కడుతున్నారో, దానికి కరెంటు ఏ సబ్‌స్టేషన్ నుంచి వస్తుందో ఇప్పుడే అడగండి. సింగ్‌నగర్ మిత్రుడు చెప్పినట్టు బస్సు మునగకపోయినా, చార్జరు మునిగితే రెండూ ఒకటే.

సబర్మతి_తెలుగు:
అహ్మదాబాద్‌లో ఉంటాను. ఇక్కడి జన్‌మార్గ్ అనే బీఆర్‌టీఎస్ 2009 అక్టోబరు నుంచి నడుస్తోంది. అది నిలవడానికి కారణాలు చాలా మామూలువి. స్టేషన్ రోడ్డు మధ్యలో ఉంటుంది, టికెట్టు స్టేషన్‌లోనే కొంటారు, బస్సు గడప, ప్లాట్‌ఫారం ఒకే ఎత్తు. ముసలివాళ్లు కాలు ఎత్తకుండా లోపలికి నడిచిపోతారు. బస్సు ఆగేది కొన్ని సెకన్లు. నడపడానికి విడిగా ఒక సంస్థను పెట్టారు.

అంతా బంగారం కాదు. ద్విచక్ర వాహనాలు బస్సు వరసలోకి దూరుతూనే ఉంటాయి, గేట్లు పెట్టినా దూరాయి. స్టేషన్ దాకా నడిచి వెళ్లే దారి చాలాచోట్ల బాగుండదు, రోడ్డు మధ్యలోకి చేరడమే సాహసం. ఢిల్లీలో 2008లో పెట్టిన కారిడార్ ఆరు కిలోమీటర్లు కూడా లేదు, దాన్ని 2016లో తవ్వి పారేశారు. అక్కడ కార్లవాళ్లు కోర్టు దాకా వెళ్లారు, కోర్టు బస్సు వైపే నిలిచింది, ప్రభుత్వం నిలవలేదు. బీఆర్‌టీఎస్ రోడ్డు మీద మళ్లీ బస్సు వేస్తే మొదటి నెలలోనే కార్లవాళ్లు గోల చేస్తారు. ఆ నెల ఎవరు కాచుకుంటారన్నదే ప్రశ్న.

మూడుచక్రాలు:
ఆటో నడుపుతాను. సింగ్‌నగర్, పైపుల రోడ్డు, కాళేశ్వరరావు మార్కెట్. మా గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేనే మాట్లాడాలి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది. ఆడవాళ్లకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. మంచిదే, మా ఇంట్లోవాళ్లూ ఎక్కుతున్నారు. కానీ నా షేర్ ఆటోలో సగం సీట్లు వాళ్లవే. అక్టోబరులో ప్రభుత్వం 15,000 రూపాయలు వేసింది. సంవత్సరానికి అది ఎంత వస్తుందో మీరే లెక్క వేసుకోండి.

బస్సు వద్దని నేను అనను. మీ లెక్కల్లో ఆటో ఎక్కడుందో చెప్పండి. ఐదు కిలోమీటర్ల నుంచి జనాన్ని చేరవేయాలని కాగితంలో ఉందన్నారు. సింగ్‌నగర్ లోపలి వీధుల్లో పెద్ద బస్సు తిరగదు. అక్కడ తిరిగేది మేమే. ఫ్లైఓవర్ దిగిన చోట మాకు స్టాండు ఇవ్వండి, బస్సు టికెట్టులోనే మా కిరాయి కూడా కలిసేలా చూడండి. ఇప్పుడు ఎక్కడ నిలబెట్టినా చలానా రాస్తున్నారు.

రోజూ_బస్సే:
బీసెంట్ రోడ్డులో ఒక బట్టల దుకాణంలో పని. ఇల్లు పాయకాపురం. అన్నయ్యా, మీ సీట్లు ఖాళీ కావడం నిజమే కానీ, నెలకు ఆటోకు పెట్టే డబ్బు ఇప్పుడు నా బిడ్డ ట్యూషన్‌కు పోతోంది. అది కూడా చెప్పాలి కదా.

టికెట్టు లేదు సరే, బస్సు రావాలి కదా. పొద్దున వచ్చిన బస్సు వచ్చినట్టే నిండిపోయి ఉంటుంది. స్టాపులో నీడ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం విజయవాడలో పదిహేను నిమిషాలు నీడ లేకుండా నిలబడి చూడండి, మెట్రోనా బస్సా అనే చర్చ మరిచిపోతారు. రాత్రి దుకాణం కట్టేసేసరికి బస్సులు పలుచబడతాయి, అప్పుడు ఆటోవాళ్లు చెప్పిందే కిరాయి. మాతో పనిచేసే అమ్మాయిలు కొందరు ఆ భయానికే రాత్రి షిఫ్టు వదులుకున్నారు.

మోడరేటర్:
రెండు వ్యాఖ్యలు తొలగించాను. ఏ పార్టీ హయాంలో ఎవరు ఆపారు, ఎవరు మొదలుపెట్టారు అన్న దానికి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి.

సువోన్_నుంచి:
దక్షిణ కొరియా నుంచి రాస్తున్నాను. మన బుడమేరు, మన బస్సు రెండూ ఒకే చర్చలోకి వచ్చాయి కాబట్టి సియోల్ సంగతి చెప్పాలి. నాకు తెలిసి ఈ రెండు పనులూ ఒకే ఊపులో చేసిన నగరం అదే.

చియాంగ్‌గేచియాన్ అని ఊరి నడిబొడ్డున ఒక వాగు. దాన్ని కాంక్రీటుతో కప్పేసి, పైన ఎత్తైన రహదారి వేశారు. 2003 జులైలో ఆ రహదారిని కూల్చడం మొదలుపెట్టి, 2005 అక్టోబరు 1న 5.8 కిలోమీటర్ల మేర వాగును తెరిచారు. రెండు వందల ఏళ్లకొకసారి వచ్చేంత వరదను కూడా తట్టుకునేలా దాన్ని మలిచారు. ఎక్కువమంది చెప్పని సంగతి ఏమిటంటే, ఈ రెండింటికీ మధ్య 2004 జులై 1న మొత్తం సిటీ బస్సుల వ్యవస్థను మార్చేశారు. రోడ్డు మధ్య బస్సు వరసలు, దూరాన్ని బట్టి టికెట్టు, బస్సు నుంచి మెట్రోకు మారితే మళ్లీ మొదటి నుంచి చార్జీ పడదు. బస్సులు ప్రైవేటువే, కానీ ఏ దారిలో ఎన్ని నడపాలో నగరం చెబుతుంది, నడిచిన కిలోమీటరును బట్టి డబ్బు ఇస్తుంది. నిండిన బస్సుకూ, ఖాళీ బస్సుకూ ఒకే లెక్క కాబట్టి జనం తక్కువ ఉన్న వేళ కూడా బస్సు వస్తుంది. రోజూ_బస్సే గారి రాత్రి బస్సు సమస్యకు జవాబు అక్కడుంది.

మొదటి రోజే కార్డు యంత్రాలు మొరాయించాయి. జనం తిట్టారు, మేయరు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. కానీ వెనక్కి తీసుకోలేదు. ఢిల్లీకీ సియోల్‌కూ తేడా అదే.

పాత_ఓవర్సీర్:
బాబూ, ఆ వాగు సంగతి నాకూ తెలుసు. సంవత్సరంలో చాలాకాలం అందులో సొంత నీళ్లు ఉండవు, హాన్ నది నుంచి రోజుకు లక్షా ఇరవై వేల టన్నులు పంపులతో ఎత్తి పోస్తారు. అది అందానికి. మనకు కావలసింది నీళ్లు పోయే దారి, నీళ్లు చూసే దారి కాదు. సియోల్ ఫొటో చూపించి బుడమేరు ఒడ్డున రాతి మెట్లు, రంగు దీపాలు పెట్టమంటారేమోనని నా భయం. దీపాలు పెట్టిన చోటల్లా కాలువ ఇంకో రెండు గజాలు సన్నబడుతుంది.

సింగ్‌నగర్_వాసి:
నా భయం వేరే. బుడమేరు వెడల్పు అనగానే ఆక్రమణలు తీసేయాలి అంటారు. ఎవరిని? ఆ ఒడ్డున ఇల్లు కట్టుకున్నవాళ్లలో చాలామంది పన్ను కడుతున్నారు, కరెంటు బిల్లు కడుతున్నారు. కొన్ని చోట్ల కాలనీ వేసింది ప్రభుత్వమే. కొరియాలో ఆ రహదారి కింద వీధి వ్యాపారులు ఉండేవారు కదా, వాళ్లేమయ్యారు?

సువోన్_నుంచి:
మంచి ప్రశ్న. వాళ్లను తోంగ్‌దేమున్ స్టేడియంలోకి మార్చారు. కొన్నేళ్లకు ఆ స్టేడియంనే కూల్చి వేరే కట్టడం లేపారు, వాళ్లు మళ్లీ మారాల్సి వచ్చింది. ఆ భాగాన్ని కాపీ కొట్టకూడదు.

మెట్రో_కావాలి:
నేను నా మాట మీదే ఉన్నాను, మెట్రో రావాలి. కానీ ఈ చర్చ నుంచి ఒక పని తీసుకుంటాను. స్తంభాలకు ముందు ఏలూరు రోడ్డు కింద ఉన్న నీటి గొట్టాలు, మురుగు, తీగలు అన్నీ కదిలిస్తారు. విజయవాడలో కేంద్ర నిధులతో మొదలైన వర్షపు నీటి కాలువల పని సగంలో ఆగింది. ఆ సగాన్ని మెట్రో తవ్వకంలోనే పూర్తి చేయాలని షరతు పెట్టాలి. రోడ్డు ఒక్కసారే తవ్వాలి. ఆ ఒక్క షరతు పడితే మీ బస్సుకు నేనూ సంతకం పెడతాను.

సాగరతీరం:
ఊరు దాటిన సంగతి కూడా ఒకటి చేర్చండి. హైదరాబాద్ రహదారి నందిగామ దగ్గర ఐతవరంలో 2023 జులైలో మున్నేరు వరదకు ఆగిపోయింది. 2024లో అటు మహబూబాబాద్ వైపు రైలు కట్టే కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. విజయవాడ చుట్టూ దారులన్నీ ఒకే వానకు మూతపడుతున్నాయి. ఊళ్లో బస్సు నడిచినా పాలు, కూరగాయలు, మందులు వచ్చే దారి నడవాలి కదా.

పాత_ఓవర్సీర్:
ఐతవరం దగ్గర రోడ్డు ఎత్తు పెంచేస్తే చాలంటారు చూడండి. రోడ్డు ఎత్తు పెంచితే అది కట్ట అవుతుంది, ఎగువన ఉన్న ఊరు మునుగుతుంది. ఎత్తుతో పాటు కింద ఖానాలు పెంచాలి. ఇది రాసి పెట్టుకోండి, ప్రతి వరద తర్వాతా ఇదే తప్పు చేస్తారు.

అలంకార్_సెంటర్:
రాసి పెట్టుకున్నాను. ఈ వారం నగర పాలక సంస్థకు ఇచ్చే అర్జీ ముసాయిదాలో ఇవి చేరుస్తున్నాను: ఎనికేపాడు నుంచి వెనక్కి మొదలయ్యే తూముల పని, మెట్రో తవ్వకంతో పాటే వర్షపు నీటి కాలువలు, చార్జింగ్ కేంద్రం ఎత్తు 2024 నీటి మట్టానికి పైన, బీఆర్‌టీఎస్ రోడ్డు మీద కిలోమీటరు లెక్కన డబ్బిచ్చే బస్సులు. ఇళ్లు తీసే చోట ముందు ఇల్లు చూపించి తర్వాతే తీయాలన్న మాట కూడా. మ్యాపు గీసి ఆదివారం ఇక్కడ పెడతాను.

రోజూ_బస్సే:
మ్యాపు తీరిగ్గా గీయండి. అర్జీలో మొదటి వాక్యం మాత్రం ఇది రాయండి: రాత్రి తొమ్మిదిన్నర తర్వాత బీసెంట్ రోడ్డు నుంచి పాయకాపురానికి ఒక బస్సు, స్టాపులో ఒక దీపం, ఒక పైకప్పు. దీనికి కొత్త రోడ్డు అక్కర్లేదు, తవ్వకం అక్కర్లేదు.

మూడుచక్రాలు:
ఆ బస్సు వేస్తే నా రాత్రి చివరి కిరాయి పోతుంది చెల్లెమ్మా. అయినా సంతకం పెడతాను, ఫ్లైఓవర్ దిగిన చోట స్టాండు అని రెండో వాక్యంలో రాస్తేనే.

అలంకార్_సెంటర్:
రెండో వాక్యం మీదే. స్టాండు ఫ్లైఓవర్‌కు ఏ పక్కన కావాలో చెప్పండి, నున్న వైపు దిగే పక్కనైతే అక్కడ బస్సు మలుపు తీసుకోవడానికి చోటు సరిపోతుందా?

మూడుచక్రాలు:
సరిపోదు. అవతలి పక్క రాయండి.